మెయిల్లో పట్టని పడవ

అరసవల్లి గుడి మలుపులో లక్ష్మణమ్మ టీ బడ్డీ దగ్గర ఆదివారం పూట కూర్చోడానికి చోటు దొరకదు. ఆ ఆదివారం మాత్రం పొద్దుటి నుంచీ తుంపర పడుతుండడంతో జనం పలచగా ఉన్నారు. టార్పాలిన్ కింద బల్ల మీద రోజూ వచ్చేవాళ్ళు ముగ్గురే ఉన్నారు. ఆటో తోలే కొండబాబు, పక్క వీధిలో ఇత్తడి సామాన్ల కొట్టు నడిపే నగరేశ్వరరావు, ఫోటో స్టూడియో జగన్నాధం. నాలుగో మనిషి కొత్తవాడు. పేరు చంద్రమౌళి, బొబ్బిలిలో వీణలు చేస్తాడట. దర్శనం చేసుకుని వచ్చి, టీ చల్లారిపోతున్నా తాగకుండా, చేతిలో ఫోనుకేసి దిగులుగా చూస్తున్నాడు.

"ఏటి బాబూ, ఎవులికైనా ఒంట్లో బాగునేదా?" అంది లక్ష్మణమ్మ.

"అదేం కాదమ్మా. పనస మొద్దు దగ్గర్నుంచి తీగలు బిగించే వరకూ వీణ ఎలగ సేస్తామో అంతా వీడియో తీసేను. బెంగుళూరులో సంగీతం బడివాళ్ళు అది సూసి ఆర్డరు ఇస్తామన్నారు. ఈ సాయంత్రం లోపల మెయిల్లో పంపమన్నారు. ఎన్నిసార్లు నొక్కినా ఫైలు పెద్దది, ఎల్లదు అంటన్నాది."

జగన్నాధం గ్లాసు కింద పెట్టాడు. అది చూసి కొండబాబు ఆటో తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఇప్పట్లో ఎవరూ కదలరని అతనికి తెలిసిపోయింది.

"ఎంతుంటాది తమ్ముడూ నీ ఫైలు?" అన్నాడు జగన్నాధం.

"ఒక జీబీ దాటినాదండి."

"ఒక జీబీ." ఆ మాటని వక్కపలుకులా బుగ్గన పెట్టుకుని నమిలాడు జగన్నాధం. "సూడు తమ్ముడూ. మెయిలు ఇరవై ఐదు ఎంబీ వరకే మోస్తాది. అంతకన్నా ఎక్కువైతే గుమ్మం కాడే నిలబెట్టీస్తాది. దానికి దిగులెందుకు? నాను నాలుగు జీబీ పంపేను. ఊరు కాని ఊరికి, సముద్రం ఆ కొసకి. అది ఎల్లకపోతే ఒక పడవ పోయేది. అందులో మడుసులు ఏటైపోయేవోరో ఆ సూర్యనారాయణుడికే తెలాలి."

చంద్రమౌళి తలెత్తాడు. "పడవేటండీ?"

"మొదట్నించీ సెప్తాను, ఇను. శ్రీకూర్మం దాటి సముద్రం ఒడ్డుకెల్తే ఎల్లాజీ అనీసి ఒక మనిసి ఉన్నాడు. సేపల ఏట. ఆళ్ళావిడ దేవి నన్ను అన్నా అంటాది గాబట్టి ఆడు నన్ను బావా అంటాడు. ఆడు కొత్త పడవ కట్టించుకుని నీళ్ళలోకి దించిన రోజున ఈడియో తీసింది ఎవులు? నానే. పసుపు, కుంకం, కొబ్బరికాయ, పడవ మూతి మీద నెంబరు, పూలదండలేసుకుని ఐదుగురు మగోళ్ళు, ఒక్కటి ఒగ్గకుండా తీసి, బాగున్నవన్నీ ఏరి సీడీ సేసి ఇచ్చీసేను. అక్కడితో నా పని అయిపోనాది అనుకున్నాను. ఆ తర్వాత ఏటైనాదో తెలుసా?"

"సెప్పితే తెలుస్తాది మావా" అన్నాడు కొండబాబు.

"ఒకపాలి ఆ ఐదుగురూ ఏటకెల్లేరు. నడి సముద్రంలో ఇంజను ఆగిపోనాది. గాలేమో ఉత్తరానికి తోసీసినాది. ఒడిశా దాటిపోనారు. ఇక్కడ ఒడ్డున ఆడోళ్ళు పొయ్యిలు ఎలిగించడం మానీసినారు. ఆఖరికి ఏదో పెద్ద ఓడవోళ్ళు సూసి, తాడేసి లాగి, ఎక్కడో బెంగాలు వైపు ఒక రేవులో ఒడ్డున పడీసినారు. బతికేరు. గాని కాగితాలన్నీ తడిసి ముద్దయిపోనాయి. ఆ రేవు ఆఫీసరుకి తెలుగు రాదు, ఈళ్ళకి తెలుగు తప్ప ఇంకోటి రాదు. మీరెవులు, ఈ పడవ మీదేనని ఏటి గేరంటీ అని అడిగేడు. అతన్ని అనడానికి నేదు, సముద్రం మీంచి వచ్చినోళ్ళని ఎవులైనా అడుగుతారు. రుజువు సూపించీదాకా పడవా కదలదు, మడుసులూ కదలరు. ఇంతట్లోకి తుపాను కబురు. పడవని రేవు బయట కట్టీసినారు. రుజువుంటే లోపలికి తెస్తారు, నేకపోతే అక్కడే. తుపానొస్తే పుల్ల మిగల్దు."

చేతి మీద దోమ వాలి ఉన్నా చంద్రమౌళి కొట్టుకోలేదు.

"రేవు నించి కబురందగానే దేవి నా స్టూడియోకి పరిగెట్టుకుని వచ్చినాది. మనిసి మనిసిలాగ నేదు. అన్నా, నువ్వు తీసిన దాంట్లో నెంబరుంది, మా ఆయనున్నాడు, అది పంపీమని సీటీ మీద మెయిలు అడ్రసు రాసి నా సేతిలో ఎట్టి, అక్కడే నేల మీద కూలబడిపోనాది. మరి ఆ సీడీలో మొకాలు కంటికి ఆనవు తమ్ముడూ, దూరం నించి తీసిందీ, ఎదురెండ. మొత్తం అసలు ఈడియోలే పంపాల. అవి నాలుగు జీబీ. మెయిలుకి తగిలించేను. ఎల్లదు అన్నాది. బతిమాలేను. ఎల్లదు. జిప్పు సేసేను. ఈడియోని జిప్పు సేస్తే ఏటుంటాది, దుప్పటి మడతెట్టినా దుప్పటి దుప్పటే గదా. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టినాది. కోనెం సేపని సూసినావా?"

"సూసేనండి."

"ఆ సేపని కోసినట్టు ఫైలుని ముక్కలు కోసీసేను. ఒక్కో ముక్క ఇరవై నాలుగు ఎంబీ, ఒక వెంట్రుక తేడా నేకుండా. కంప్యూటర్లో కోస్తే గంట పడతాదని సేత్తోనే కోసేను."

"సేత్తోనా?" అన్నాడు చంద్రమౌళి.

"సేత్తోనే. ఇరవై ఏళ్ళబట్టి పెళ్ళి ఫిలిములు కోసిన సెయ్యి ఇది. కోసి ఒకటి తరవాత ఒకటి పంపుతా ఉంటే, సగం ముక్కలెల్లేసరికి అవతల ఆఫీసరు మెయిలు పెట్టి నిండిపోనాది. ఇంకో ముక్క పట్టదు. పైగా ఏటైనాదంటే తోక ముందెల్లిపోనాది, తల ఎనకబడిపోనాది. ఆఫీసరు తెరిసి సూస్తే పడవ నీళ్ళలోంచి ఒడ్డుకి ఎనక్కి నడుసుకుంటా వస్తన్నాదంట. కొబ్బరికాయ సెక్కలు ఎగిరొచ్చి అతుక్కుంతన్నాయంట. ఆ మనిసి జడిసిపోయి కుర్చీ దిగిపోనాడు."

నగరేశ్వరరావు కండువాతో మూతి తుడుచుకున్నాడు. నవ్వు కనబడకూడదని. చంద్రమౌళి మాత్రం నవ్వలేదు. "అప్పుడేటి సేసినారండీ?" అన్నాడు.

"అప్పుడే కరెంటు పోనాది. అరసవల్లి మొత్తం. లాప్‌టాపులో సార్జింగు కొసకొచ్చేసినాది. దేవి నా మొకమే సూస్తన్నాది. నాకింక ఒళ్ళు తెల్లేదు. లాప్‌టాపుని పంచెతో ఈపుకి కట్టుకున్నాను, సెల్లు టవరెక్కీసేను. వైరూ గియిరూ దేనికి, సిగ్నలు పుట్టే కాడికే ఎల్లిపోతే పోనాది గదా. సివరాకరి మెట్టు మీద నిలబడి సూస్తే సిగ్నలు కనిపించినాది."

"సిగ్నలు కంటికి కనిపిస్తాదేటండీ?" చంద్రమౌళి గొంతు తగ్గిపోయింది.

"కిందున్నోళ్ళకి కనిపించదు. అంతెత్తు ఎక్కితే కనిపిస్తాది, సాలెపురుగు పోగులాగ, ఎండ తగిల్తే మెరుస్తాది. దాన్ని రెండు ఏలి కొసల్తో పట్టుకుని లాప్‌టాపు సందులో దోపేను. ఇంక సూసుకో. నా ఫైలు నలభై జీబీ గదా, రెండు జిల్లాల నెట్టు గటగటా తాగీసినాది. ఇచ్ఛాపురం నించి భోగాపురం వరకు ఒక్క ఫోనుకి నెట్టు నేదు. పెళ్ళిమాటలు మాటాడుకుంటన్నోళ్ళు సగంలో ఆగిపోనారు."

"ఇందాక నాలుగు జీబీ అన్నావు జగన్నాధం" అన్నాడు నగరేశ్వరరావు మెల్లగా. ఇత్తడి తూచి తూచి ఆయనకి చెవి కూడా తక్కెడలాగే తయారైంది.

"పైకి ఎక్కీ కొద్దీ పెరిగినాది షావుకారు గారూ. గాలికి."

"ఆ రోజు నా ఫోను బాగానే పనిసేసినాది మావా" అన్నాడు కొండబాబు.

"అప్పుడు నీది బటన్ల ఫోను. దానికి నెట్టేటి, నీకు తెలడమేటి? సెప్పనీ. తొంబై, తొంబై ఐదు, తొంబై తొమ్మిది శాతం. అక్కడ ఆగిపోనాది. కదల్దు. గుండ్రం తిరుగుతాది, తిరుగుతాది, అంతే. ఆ ఒక్క శాతంలోనే పడవ నెంబరుంది. కింద నించి దేవి, అన్నా ఎల్లినాదా అని కేకేస్తాది. నాను ఏటని సెప్తాను? అంతట్లోకి ఒక కాకి వచ్చి పోగు మీద వాలినాది. పుటుక్కుమని తెగిపోనాది."

చంద్రమౌళి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. అతని టీ మీద మీగడ కట్టింది.

సరిగ్గా అప్పుడే ఒక మనిషి తలకి ప్లాస్టిక్ సంచి కప్పుకుని వానలోంచి టార్పాలిన్ కిందకి వచ్చి నిలబడ్డాడు. నల్లటి పొడుగాటి మనిషి, మోకాళ్ళ వరకు ఎగ్గట్టిన లుంగీ. గుడికి వచ్చినట్టున్నాడు, నుదుట కుంకం తడిసి కారుతోంది. జగన్నాధం వీపు అటే ఉంది కాబట్టి అతను చూడలేదు. మిగతా వాళ్ళు చూశారు. వచ్చినవాడు ఎల్లాజీ. పడవ కొట్టుకుపోయిన ఎల్లాజీయే.

కొండబాబు నోరు తెరవబోయాడు. ఎల్లాజీ వద్దన్నట్టు వేలు అడ్డంగా ఊపాడు. లక్ష్మణమ్మ ఏమీ ఎరగనట్టు అతనికో టీ అందించింది.

"ఇంకెవులైనా ఐతే టవరు దిగి ఇంటికెల్లిపోదురు" అంటున్నాడు జగన్నాధం. "నాను తిన్నగా సముద్రానికే ఎల్లిపోనాను. ఎందుకు? నెట్టు నేకపోతే ఏటి, బ్లూటూతు నేదేటి? బ్లూటూతు పది బారలు ఎల్తాది. నీళ్ళ మీద అడ్డం ఏటుంటాది గనక, ఇంకా ఎల్తాది. కళింగపట్నం కాడ నిలబడి పడవలోళ్ళందర్నీ పిలిసేను. ఒరే నాయనా, మనోడి పడవ ఆపదలో ఉన్నాది, ఫోన్లు తియ్యండి అన్నాను. అంతే. పడవ ఎనక పడవ, బారు కట్టీసినారు. మొదటి పడవకి నాను పంపితే ఆడు రెండోవోడికి, ఆడు మూడోవోడికి. భావనపాడు, బారువ, అక్కణ్ణించి గోపాలపురం. మధ్యలో ఒరియా పడవలు. ఆళ్ళకి తెలుగు రాదు, నాకు ఒరియా రాదు, ఐతే ఏటి, ఫైలుకి బాష కావాలా? నాలుగొందల జీబీ ఫైలు అలల మీద ఎల్తంటే కెరటాలు తగ్గిపోనాయి తమ్ముడూ, బరువుకి."

"నాలుగొందలు" అన్నాడు నగరేశ్వరరావు, లెక్క రాసుకుంటున్నట్టు.

"ఉప్పు తగిలితే ఉబ్బుతాది షావుకారు గారూ. ఆ తర్వాత ఏటైనాదో తెలుసా? సివరి పడవోడి ఫోనులో సార్జింగు అయిపోనాది. ఆడికి రేవు కనిపిస్తానే ఉన్నాది, గాని ఫైలు ముందుకి ఎల్లదు. ఇటు మబ్బు కమ్ముకొచ్చేస్తన్నాది. ఇంక ఆలోసించడానికి టయిము నేదు. హార్డు డిస్కుని ప్లాస్టిక్ కవర్లో సుట్టి, పళ్ళతో పట్టుకుని, సముద్రంలోకి దూకీసేను."

"మీకు ఈత బాగా వచ్చండీ?" అన్నాడు చంద్రమౌళి. అడగడానికి కూడా భయపడుతున్నట్టు అడిగాడు.

ఎల్లాజీ టీ గుటక మధ్యలో ఆగిపోయాడు.

"నాకు ఈత రావడమేటి, ఈతకే నాను రావాల. చిన్నప్పుడు నాగావళి వరదలో ఈ ఒడ్డు నించి ఆ ఒడ్డుకి ఎల్లి, అక్కడ ఇడ్డెనులు తిని, మళ్ళీ ఎనక్కి వచ్చీసీవోణ్ణి. ఐతే ఆ రోజు ఏటైనాదంటే, నా బరువు నాకు నెక్క నేదు. ఫైలు బరువు. నాలుగొందల జీబీ పళ్ళతో పట్టుకుని ఎంత దూరం ఈదుతావు? దవడ పీకీస్తన్నాది. మునిగిపోతన్నాను. కళ్ళ ముందర దేవి కనిపిస్తన్నాది, నేల మీద కూలబడి. ఇంక అయిపోనాది, ఎల్లాజీకి మొకం ఎలగ సూపిస్తాను అనుకుని, కూర్మనాథ స్వామీ, నువ్వే దిక్కు అన్నాను. అన్నానో నేదో, కాళ్ళ కింద గట్టిగా తగిలినాది. సూస్తే తాబేలు."

టార్పాలిన్ మీద తుంపర చప్పుడు వినబడుతోంది.

"మామూలు తాబేలు కాదు. కొండబాబు ఆటో అంత ఉంటాది. మన శ్రీకూర్మం ఒడ్డున గుడ్లెట్టడానికి వస్తాయి గదా, ఆటి పెద్దమ్మ అనుకో. నన్ను ఈపు మీద కూకోబెట్టుకున్నాది. హార్డు డిస్కు ఒళ్ళో ఎట్టుకున్నాను. అలలకి తగలకుండా ఒకసేత్తో అది, ఒకసేత్తో తాబేలు డిప్ప. తుపాను ముందర, మేం ఎనక కాదు, మేం ముందర, తుపాను ఎనక. రేవులోకి ఎల్లేసరికి అక్కడ ఓడలన్నీ దారిచ్చీసినాయి. తడిబట్టల్తో తిన్నగా ఆఫీసులోకి ఎల్లి, హార్డు డిస్కు ఆఫీసరు బల్ల మీద ఎట్టి, సార్, ఫైల్ అన్నాను. అంతే అన్నాను. తెరిసినాడు. పడవ, నెంబరు, ఎల్లాజీ, దండలు, అన్నీ గోడ మీద సినిమాలాగ. ఆఫీసరు నిలబడి నాకు సెల్యూటు కొట్టినాడు తమ్ముడూ. మా సర్వీసులో ఇంత పెద్ద ఫైలు ఎవులూ స్వయంగా తేనేదు అన్నాడు. పడవ ఒదిలీసినాడు. ఎల్లాజీ నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు. బావా, సముద్రం ఈదుకుని వచ్చినావా నా కోసం అన్నాడు. నాను ఆడి కన్నీళ్ళు తుడిసి..."

"తాబేలు ఎలగ ఎల్లినాది బావా, తిరిగి?"

వెనక నుంచి వచ్చిన గొంతుకి జగన్నాధం తిరిగి చూడకుండానే, "జనరల్ బోగీలో" అన్నాడు. అన్న తరవాత ఆ గొంతు ఎవరిదో తట్టింది. మెడ నెమ్మదిగా తిరిగింది. చేతిలో గ్లాసు ఒరిగి మిగిలిన టీ పంచె మీద పోయినా తెలియలేదు.

"కూకో, కూకో" అన్నాడు ఎల్లాజీ, ఎవరూ లేవకపోయినా. వచ్చి బల్ల కొసన కూర్చున్నాడు. చంద్రమౌళి వైపు తిరిగాడు. "నాపేరు ఎల్లాజీ బాబూ. ఆ పడవ నాదే. ఇంజను పోవడం నిజం, రేవు నిజం, తుపాను నిజం. ఈడియో మాకు సేరడం కూడా నిజమే. ఎలగ సేరినాదో సెప్తాను, నీకు పనికొస్తాది. మా బావ మెయిలు మీద మెయిలు పంపి, ఎల్లక, భయానికి జొరం తెచ్చుకుని షట్టరు దించీసి తొంగున్నాడు. మా ఐదుగురి మీదా బెంగ. అది తప్పేటి కాదు. ఆ రోజు ఈళ్ళ అమ్మాయి హర్షిత ఇంట్లో ఉన్నాది, విజయనగరంలో ఇంజనీరింగు సదువుతన్నాది. ఆ పిల్ల ఈడియోలన్నీ పెన్‌డ్రైవులో ఏసుకుని, మా దేవిని ఎంటెట్టుకుని కాలేజీకి ఎల్లిపోనాది."

"బస్సు కాంప్లెక్సు వరకు నానే దిగబెట్టేను" అన్నాడు కొండబాబు. "దేవి దారంతా ఏడుపే."

"కాలేజీలో నెట్టు బలంగా ఉంటాదంట. ఫైలు మెయిలుకి తగిలించనేదు ఆ పిల్ల. నెట్టులో ఒకసోట దాసి, దాన్ని తెరుసుకునే లింకు మాత్రం మెయిల్లో పంపినాది. మెయిల్లో ఎల్లింది ఒక్క లైను. అవతలోళ్ళు ఆ లైను మీద నొక్కితే, ఎక్కడున్నా సరే తెరుసుకుంటాది."

చంద్రమౌళి కాసేపు ఆ మాట తిప్పి చూసుకున్నాడు. "అంటే సామాను మోసుకెల్లక్కర్లేదు. ఎక్కడున్నాదో సెప్పి తాళం ఇస్తే సాలు."

"అంతే బాబూ."

జగన్నాధానికి కాస్త ఊపిరి అందింది. "మా అమ్మాయంటే ఎవులనుకున్నావు తమ్ముడూ. నేర్పింది నానే గదా" అన్నాడు.

"అది సరే బావా" అన్నాడు ఎల్లాజీ. "ఐతే హర్షిత ఏది పంపాలో తెలక నీ ఫోల్డరు మొత్తం పంపీసినాది."

"మొత్తం అంటే?"

"మొత్తం. నువ్వు సీడీలో ఎయ్యకుండా ఒగ్గీసినవి కూడా."

జగన్నాధం మొహంలో రంగు పోయింది. నగరేశ్వరరావు ఆ మొహం చూడలేక గుడి గోపురం వైపు చూశాడు.

"ఆ ఆఫీసులో మమ్మల్ని నిలబెట్టి టీవీలో ఏసేరు" అని చెప్పుకుపోయాడు ఎల్లాజీ. గొంతులో వేళాకోళం లేదు. "పడవ, నెంబరు కనిపించినాది. ఐతే మా మొకాలు ఆనలేదు. పసుపు, దండలు, ఎదురెండ. ఆఫీసరు టీవీకేసి సూస్తాడు, నాకేసి సూస్తాడు, తలాడిస్తాడు. బయట గాలి మొదలైపోనాది. పడవ తాళ్ళు గుంజుతున్న సప్పుడు నాకు ఇనిపిస్తన్నాది. మా ఐదుగురిలో నూకయ్య గోడకి ఆనుకుని కూలబడిపోనాడు. అప్పుడు ఇంకో ముక్క వచ్చినాది. కెమెరా ఇసకలో స్టాండు మీద ఎట్టీసి, మమ్మల్ని బాగా నిలబెట్టడానికి నువ్వు మా ముందుకి వచ్చినావు. గేపకం ఉందా?"

"అది నాను తీసీసినాను" అన్నాడు జగన్నాధం.

"సీడీలోంచి తీసేవు. ఒక అల వచ్చినాది. నువ్వు పడ్డావు. ఒరే ఎల్లాజీ, మునిగిపోతన్నాను, నన్ను ఒగ్గీకు, నాకు ఈత రాదు, మా హర్షితకి ఏటని సెప్తావు అని అరిసేవు. నాను నిన్ను బుజం మీద ఏసుకుని తిన్నగా కెమెరా దగ్గరికే మోసుకొచ్చేను. నా మొకం టీవీ నిండా వచ్చీసినాది. బుజం మీద నువ్వు. ఆఫీసరు లేసి నిలబడ్డాడు. టీవీలో నన్ను సూసేడు, ఎదురుగా ఉన్న నన్ను సూసేడు, నవ్వడం మొదలెట్టినాడు. ఇంకోపాలి ఏయించేడు. పక్క గదుల్లోంచి అందరూ వచ్చీసినారు. నవ్వుతానే ఫోను తీసి, పడవ లోపలికి తెమ్మని సెప్పినాడు. ఆ రాత్రి తుపానుకి బయట కట్టిన పడవల్లో ఒక్కటీ మిగల్లేదు బావా."

చంద్రమౌళి మొదటి నుంచీ ఎన్నో విన్నాడు గాని, ఈ మాటకి మాత్రం కళ్ళు నీళ్ళతో నిండాయి.

"అందరూ నవ్వుతుంటే మేం ఐదుగురం ఏడ్సేం" అన్నాడు ఎల్లాజీ. "అన్ని రోజులు ఎవులి మాటా తెలక, మా మాట ఎవులికీ తెలక, పశువుల్లాగ ఉన్నాం. ఒక్కసారి మన మాట ఇనబడినాది. నువ్వు అరుస్తన్నావు, మన యాసలో. ఇంటికి ఎల్లిపోతాం అని అప్పుడు అనిపించినాది."

జగన్నాధం అడిగాడు. "అది ఇంకెవులైనా సూసేరా?"

కొండబాబు కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు. జగన్నాధం అతన్ని చూశాడు, తరవాత నగరేశ్వరరావుని చూశాడు.

"లింకు మా దేవి కాడ ఉండిపోనాది" అన్నాడు ఎల్లాజీ. "మా ఊరోళ్ళందరూ అడిగేరు. ఆళ్ళ చుట్టాలూ అడిగేరు."

"మా ఇంట్లో కమలాదేవికి కూడా వచ్చింది" అన్నాడు నగరేశ్వరరావు, భార్య పేరు చెప్పి. "చాలా రోజులైంది జగన్నాధం."

"నాకు కొండబాబు ఎప్పుడో సూపించినాడు" అంది లక్ష్మణమ్మ, పాలు పొంగకుండా గరిట తిప్పుతూ.

దిమ్మ తిరిగిపోయినట్టు కూర్చున్నాడు జగన్నాధం. ఇన్నాళ్ళ నుంచీ ఎన్ని ఆదివారాలు, ఎంతమంది కొత్తవాళ్ళకి, ఈ బల్ల మీదే, వీళ్ళ ముందే చెప్పాడో అంతా కళ్ళ ముందు తిరిగినట్టుంది. "మరి తెలిసి కూడా ఎందుకు ఇన్నారు?" అన్నాడు.

లక్ష్మణమ్మ పొయ్యి సన్నం చేసి ఇటు తిరిగింది. "ఎల్లాజీ బతికొచ్చిన కతే గదా బాబూ. ఎన్నిపాలు ఇన్నా తీపిగానే ఉంటాది."

ఎల్లాజీ లుంగీ మడతలోంచి ఫోను తీసి, తుడిచి, తెరిచి జగన్నాధం చేతిలో పెట్టాడు. "నువ్వు ఒకపాలైనా సూసుకున్నావా?"

లేదు. తీసేశాక మళ్ళీ చూడలేదు. జగన్నాధం ఫోను రెండు చేతుల్తో పట్టుకున్నాడు. చంద్రమౌళి, కొండబాబు వెనక నుంచి వంగారు. చిన్న తెరలో సముద్రం, పడవ, దండలేసుకున్న మనుషులు. తెల్ల చొక్కాలో తనే, చేతులూపుతూ, అటు జరగండి ఇటు జరగండి అంటూ. తరవాత అల. తరవాత అరుపులు. అరుపులు మొదలయ్యాక కొండబాబు వెనక్కి తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదులుతున్నాయి.

వీడియో అయిపోయింది. జగన్నాధం మళ్ళీ మొదటి నుంచి వేశాడు. ఈసారి చూస్తూ చూస్తూ వీపు నిటారుగా పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"తమ్ముడూ, నువ్వూ ఈడియోలు తీస్తావు గాబట్టి సెప్తన్నాను, ఇది సూడు. ఇక్కడ పీకలోతు నీళ్ళలో మనిసి ప్రాణం పోతన్నాదా? ఐనా ఫ్రేము సూసేవా? ఇసుమంత కదిలినాదేటి? స్టాండు అలగ నిలబెట్టడం మన జిల్లాలో ఇంకెవులికీ రాదు. అంత లోతులో..."

ఎల్లాజీ వంగి, వీడియో ఆపి, బొమ్మని రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. గిలగిల కొట్టుకుంటున్న జగన్నాధం పక్కనే ఒక ముసలామె కనిపించింది.

"ఆవిడ మా అమ్మ. ఆ నీళ్ళలోనే కూకుని సేపల గంప కడుక్కుంతన్నాది బావా."